కొత్త హోమ్ ఇన్‌స్పెక్టర్‌కి జనరల్ లయబిలిటీ ఒక్కటి సరిపోతుందా?

ఇళ్ల తనిఖీ పని కొత్తగా మొదలుపెడుతున్నారు, జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటి చాలా, ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ (పనిలో పొరపాట్లకి, వదిలేసినవాటికి కవర్) కూడా తీసుకోవాలా, ప్రీమియం తక్కువున్న పాలసీ చూసుకోవచ్చా అని అడిగారు. రెండూ కావాలండి. ప్రీమియం చివర్లో చూసుకునే సంగతి.

అటకలో నడుస్తుంటే కాలు జారి సీలింగ్ బోర్డు పగిలింది. టబ్‌లో నీళ్లు వదిలి పక్క గదిలోకి వెళ్లొచ్చేసరికి పొంగి కింది అంతస్తు తడిసింది. మీ నిచ్చెన పడి ఎవరికో దెబ్బ తగిలింది. ఇలాంటివి జనరల్ లయబిలిటీ చూసుకుంటుంది. అదే, సింక్ కింద లీకు మీ కంటపడలేదు, రిపోర్టులోకి ఎక్కలేదు, ఇల్లు కొన్నాయన ఆరు నెలలకి చెక్కంతా కుళ్లిపోయిందని నోటీసు పంపాడు. ఇది ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ పని. తనిఖీ చేసేవాళ్లు అసలు భయపడాల్సింది ఈ రెండో రకానికే.

ఈ రెండో పాలసీలు చాలావరకు క్లెయిమ్స్-మేడ్ పద్ధతిలో ఉంటాయి. ఇల్లు చూసిన రోజున పాలసీ ఉంటే చాలదు, ఫిర్యాదు వచ్చిన రోజున కూడా నడుస్తూ ఉండాలి. పైగా ఆ తనిఖీ రెట్రోయాక్టివ్ డేట్ (ఏ తేదీ నుంచి చేసిన పనులకి పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ) తర్వాత జరిగినదై ఉండాలి. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 2024 మార్చిలో పాలసీ తీసుకున్నారనుకోండి. ఏడాది తిరిగాక చవగ్గా వస్తోందని వేరే కంపెనీకి మారారు. వాళ్లు రెట్రోయాక్టివ్ డేట్ 2025 మార్చి అని వేశారు. 2024 ఆగస్టులో చూసిన ఇంటి మీద 2025 జూన్‌లో ఫిర్యాదు వస్తే పాత పాలసీ గడువు అయిపోయింది, కొత్తది వర్తించదు. రెండేళ్లూ ప్రీమియం కట్టి కూడా మొత్తం మీ జేబులోంచే పోతుంది. అందుకే మారేటప్పుడు పాత తనిఖీలకి కూడా వర్తించే ప్రయర్ యాక్ట్స్ కవర్ అడగండి. కొత్త పాలసీ ముఖ్య వివరాలుండే డిక్లరేషన్ పేజీ మీద మీ పాత తేదీ కళ్లారా చూశాకే పాతది వదలండి. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదు. రేపు ఈ పని మానేసినా పాత తనిఖీల మీద ఫిర్యాదులు రావొచ్చు కాబట్టి ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ (పాలసీ ఆగాక వచ్చే ఫిర్యాదులకీ కవర్) ఎన్నేళ్లు ఇస్తారో, దానికి ఎంత కట్టాలో ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.

లాయరు ఖర్చు పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, అంటే లిమిట్‌ లోపలా, బయటా అన్నది కూడా అడగండి. లోపలైతే, లిమిట్ 100 అనుకుంటే లాయరుకి 40 పోయాక పరిహారానికి మిగిలేది 60. డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో ముందు మీరు భరించాల్సిన మొత్తం) లాయరు ఖర్చుకీ వర్తిస్తుందంటే, పస లేని ఫిర్యాదుకి కూడా ముందు మీరే కట్టుకోవాలి.

మినహాయింపుల పేజీని మీరు చేసే పనుల జాబితా పక్కన పెట్టుకుని చదవండి. చెదలు, బూజు, రేడాన్, ఆస్బెస్టాస్, సెప్టిక్ ట్యాంకు, స్విమ్మింగ్ పూల్, డ్రోన్‌తో పైకప్పు చూడటం తరచూ మినహాయింపుల్లో ఉంటాయి. వీటిలో ఏది చేసినా దానికి పాలసీలో విడిగా చేర్పించుకునే ఎండార్స్‌మెంట్ కావాలి. మీ థర్మల్ కెమెరా, మాయిశ్చర్ మీటర్ పోతే జనరల్ లయబిలిటీ పైసా ఇవ్వదు, అది ఎదుటివాళ్ల నష్టానికే. సొంత కారు పాలసీ వ్యాపార ప్రయాణాలకి వర్తిస్తుందో లేదో కూడా కనుక్కోండి.

కొన్ని పాలసీల్లో, తనిఖీకి ముందే క్లయింటు ఒప్పందం మీద సంతకం చేయడం కవరేజీకి షరతు. ఇంటికెళ్లాక గుమ్మంలో నిలబడి సంతకం అడిగితే హడావుడిలో మరిచిపోతారు, ముందురోజే పంపి తీసుకోండి. ఇక సింక్ కింద సామాను నిండుగా ఉండి గోడ కనబడకపోతే, ఆ సామానుతో సహా ఫొటో తీసి "అడ్డంకి వల్ల చూడలేకపోయాం" అని రిపోర్టులో రాయండి. నోటీసు వచ్చిన రోజున లాయరు ముందుగా అడిగేవి ఆ ఫొటో, ఆ సంతకం.

ఎవరైనా కోపంగా మెయిల్ పెట్టినా, ఫీజు వెనక్కివ్వమన్నా ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి. వాళ్లని అడక్కుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు తిరిగివ్వడం చేయొద్దు. ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చు. దరఖాస్తులో "పూల్ చూడను" అని టిక్ పెట్టి, ఆ తర్వాత చూడటం మొదలుపెడితే ఆ వారమే వాళ్లకి తెలియజేయండి, రెన్యూవల్ దాకా ఆగొద్దు.