శ్రావణంలో రామగిరి ఖిల్లా: ఎక్కడం కన్నా దిగడం గురించే ఆలోచించండి

"అమ్మకు అరవై రెండేళ్లు. శ్రావణంలో రామగిరి ఖిల్లా ఎక్కించొచ్చా? దారి చూపే మనిషి కావాలా?" అని అడిగారు. మాది హన్మకొండ. పెద్దపల్లి జిల్లాలో గుట్ట మీదున్న పాత కోట అది. ఆ గుట్ట నాలుగుసార్లు ఎక్కాను, ఒకసారి దారి తప్పాను కూడా.

అమ్మకు రోజూ నడిచే అలవాటుంటే ఎక్కించండి. శ్రావణంలో పైన గుడికి భక్తులు వస్తూనే ఉంటారు, తొవ్వ తెలిసిపోతుంది. మిగతా నెలల్లో మాత్రం గుట్ట కింది ఊరు బేగంపేటలో ఎవరినైనా తోడు తీసుకోకుండా కదలొద్దు.

నేను తప్పిపోయింది దసరా సెలవుల్లో. వానలకు గడ్డి నడుం దాకా పెరిగింది. ఎక్కేటప్పుడు కోట గోడలు, దర్వాజాలు చూసుకుంటూ హాయిగా పోయాం. దిగేటప్పుడు ఒక దర్వాజా దాటితే ముందు బాట లేదు, తుప్పలే. లోపలి నుంచి చూస్తే దర్వాజాలన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుగు దాటింది, ఫోన్‌లో సిగ్నల్ లేదు, తమ్ముడి సీసాలో రెండు గుక్కల నీళ్లు మిగిలాయి. నిజంగా భయమేసింది. మేకలు కాసే పెద్దాయన ఒకరు మా కేకలు విని వచ్చారు. "గిటు కాదు తమ్మీ, గోడ ఎడమ చెయ్యి పక్కకుండాలె, గట్లనే దిగుండ్రి" అని బాట దాకా తోలుకొచ్చి వదిలారు. ఆయన రాకుంటే ఆ రాత్రి అక్కడే.

అప్పటి నుంచి ఎక్కేటప్పుడు ప్రతి దర్వాజా దాటగానే వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకుంటాను. దిగేటప్పుడు కంటికి కనిపించేది ఆ వైపే కదా. ఇంకొకటి, ఎక్కడున్నా సరే, ఒంటిగంటకు వెనక్కి తిరగాల్సిందే. పైన గుడి దాకా పోలేదని అమ్మ బాధపడొచ్చు, అయినా వినొద్దు.

వాన పడితే రాళ్ల మీద పలచటి పాకుడు పడుతుంది, ఎండలో చూస్తే ఆరినట్టే ఉంటుంది. కాలు పెట్టాకే తెలుస్తుంది. చెప్పులొద్దు, పట్టున్న బూట్లు వేయించండి. ఉరుము వినిపిస్తే ఎత్తు మీద నిలబడొద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. తినేవి సంచి లోపల పెట్టండి, కోతులున్నాయి.

ఆ గుట్ట వనమూలికలకు పేరుపడింది. కొందరు మొక్కలు వేళ్లతో సహా పీకి సంచుల్లో నింపుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మకు ఆకులు చూపించండి, తెంపనీయకండి.

పెద్దపల్లి నుంచి మంథని పోయే దారిలో బేగంపేట దగ్గర దిగాలి. పొద్దున ఏడింటికల్లా గుట్ట కింద ఉండేలా బయలుదేరండి. దిగేటప్పుడు మీరు అమ్మకు ఒక మెట్టు ముందుండండి, మోకాళ్లు నొస్తే పక్కకు తిరిగి దిగమనండి.