కొండ ఎక్కే సైకిలు బరువు గురించి స్రవంతికి పెదనాన్న రాసిన ఉత్తరం

గవర్నర్‌పేట,
విజయవాడ.

చిరంజీవి స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు మౌంటెన్ బైక్ కొనబోతున్నావనీ, దాని మీద ముందు కొండవీడు ఘాట్ ఎక్కి, చలికాలానికి అరకు వైపు అడవి దారుల్లో తిరగాలనుకుంటున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించానమ్మా. మన ఇంట్లో అందరం సైకిళ్ల మీదే బతికాం గానీ, కొండ కనబడితే ఎక్కి చూడాలన్న ఆశ మీ నాన్న తరవాత నీకే వచ్చింది. అయితే ఆ వెంటనే మీ అమ్మ చెప్పిన రెండో సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కొత్త అల్యూమినియం సైకిలు 13.5 కిలోలుందని వద్దనుకుని, బెంగళూరులో ఎవరో నాలుగేళ్లు వాడిన కార్బన్ ఫ్రేము సైకిలు 10.5 కిలోలేనని దానికి ఈ వారంలోనే డబ్బు పంపబోతున్నావట. పంపకు. ఎందుకు పంపవద్దంటున్నానో ఓపిగ్గా చదువు.

ముందు లెక్క చూద్దాం. ఏటవాలు దారిలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు గాలి మనల్ని అడ్డుకునేది తక్కువ, మన శక్తిలో ఎక్కువ భాగం బరువును పైకి చేర్చడానికే పోతుంది. కానీ పైకి చేరవలసింది సైకిలు ఒక్కటే కాదు. నువ్వు 52 కిలోలు, బూట్లు, హెల్మెట్, నీళ్లు, పంపు కలిపి ఇంకో 3 కిలోలు, సైకిలు 13.5 కిలోలు, మొత్తం 68.5 కిలోలు. ఆ బెంగళూరు సైకిలైతే 65.5. తేడా నూటికి నాలుగున్నర పాళ్లు కూడా నిండదు. అరగంట పట్టే ఎక్కుడులో నీకు కలిసివచ్చేది నిమిషమున్నర లోపు. 3 కిలోలను 300 మీటర్ల ఎత్తుకు మోయడానికి ఒంట్లో ఖర్చయ్యేది, కండరాల్లో వేడిగా పోయేది కూడా కలుపుకుని, సుమారు 10 కిలోక్యాలరీలు. అది ఒక ఇడ్లీలో పావు వంతు.

బరువు అసలు లెక్కలోకే రాదని నేననడం లేదు. నీలాంటి సన్నపాటి మనిషికి అది 80 కిలోల మనిషికన్నా ఎక్కువగానే తెలుస్తుంది. ఆ 3 కిలోలు అతని మొత్తంలో నూటికి మూడు పాళ్లయితే, నీ మొత్తంలో నాలుగు దాటుతాయి. కూలిన చెట్టు మీదుగా సైకిలు ఎత్తి దాటించేటప్పుడూ, ముందు చక్రాన్ని లేపి రాయి మీద పెట్టేటప్పుడూ, బ్రాడీపేటలో మీ అపార్ట్‌మెంటు లిఫ్టు ఆగిపోయిన రోజున మూడో అంతస్తుకు మోసుకెళ్లేటప్పుడూ ప్రతి కిలో చేతికి తగులుతుంది. అందుచేత తేలికదనం కోరుకోవడంలో తప్పు లేదు. ఆ తేలికదనం ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నావన్నదే నేను అడుగుతున్నది. ఇంకో మాట, కంపెనీలు ప్రకటించే బరువు సాధారణంగా పెడళ్లు లేకుండా తూచినది. మంచి పెడళ్ల జత 400 గ్రాముల దాకా ఉంటుంది. ఏ సైకిలైనా లగేజీ తూచే చిన్న త్రాసుకు తగిలించి, నీ కళ్లతో చూసి నమ్ము.

ఎక్కడం తేలిక కావాలంటే అన్నిటికన్నా చవకైన దారి గేర్లలో ఉంది. ముందున్న చైన్‌వీల్, అంటే పెడళ్ల దగ్గర చైను తిరిగే పళ్ల చక్రం, 32 పళ్లది తీసేసి 30 పళ్లది వేయిస్తే ప్రతి గేరూ నూటికి ఆరు పాళ్లు తేలికవుతుంది. 3 కిలోలు తగ్గించుకుంటే కాలికి తగ్గే భారం కన్నా ఇది ఎక్కువ. వేగం కాస్త తగ్గుతుంది గానీ మోకాళ్లు నిలుస్తాయి. వెనక చక్రానికుండే పళ్ల చక్రాల కట్టలో (క్యాసెట్ అంటారు) 50 లేదా 51 పళ్ల పెద్ద చక్రం ఉంటే కొండవీడు మలుపుల దగ్గర కూడా నువ్వు సీటు మీద కూర్చునే ఎక్కగలవు.

గ్రాములు తగ్గించాలంటే చక్రాల్లో తగ్గించు. రిమ్ము, టైరు, ట్యూబు చక్రం అంచున తిరుగుతాయి కాబట్టి, వేగం అందుకునేటప్పుడు అక్కడి బరువు దాదాపు రెట్టింపుగా పనిచేస్తుంది. ఒకే వేగంతో ఎక్కుతున్నప్పుడు మాత్రం అదీ మామూలు బరువే. కాబట్టి మలుపు మలుపుకూ ఆగి లేచే అడవి దారిలో దాని ప్రయోజనం ఎక్కువ. ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చేయిస్తే, లోపల పోసే సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) బరువు పోను చక్రానికి 100 గ్రాముల దాకా తగ్గవచ్చు. అంతకన్నా ముఖ్యం, మన దారుల్లో పల్లేరు కాయలూ సర్కారు తుమ్మ ముళ్లూ చేసే చిన్న చిల్లులు తిరుగుతూనే మూసుకుపోతాయి. మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పోయిస్తూ ఉండు. ట్యూబ్‌లెస్‌లో గాలి తక్కువ పెట్టుకోవచ్చు గనక గులకరాళ్ల మీద టైరు ఎగిరెగిరి పడకుండా నేలను పట్టుకుని పోతుంది, ఒళ్లు కుదుపులకు వృథా చేసే శక్తి మిగులుతుంది. అయితే టైరు బరువు తగ్గించడానికి పక్కభాగం పల్చగా ఉన్న రకాన్ని మాత్రం తీసుకోకు. పదునైన రాయి పక్కను కోస్తే ఏ సీలెంటూ ఆపదు. టైరు విషయంలో 150 గ్రాములు ఎక్కువైనా సరే, గట్టిదే వేయించు.

రెండో చోటు ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే భాగం. చవక సైకిళ్లలో ఉండే స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల పైనే తూగుతుంది. పైగా ఆ స్ప్రింగు 70, 80 కిలోల మనిషిని ఊహించి పెట్టినది. నీ బరువుకు అది సగం కూడా దిగదు, అంత ఇనుమూ నువ్వు ఊరికే మోస్తావు. గాలి ఫోర్కు అయితే కిలో దాకా తగ్గుతుంది, నీ బరువుకు తగినంత గాలి పెట్టుకోవచ్చు. డబ్బు పెట్టవలసింది ఇక్కడ. నువ్వు కూర్చున్నప్పుడు ఫోర్కు దాని ప్రయాణంలో ఐదో వంతు దిగేట్టు చూసుకో.

తేలిక సైకిలు లేకపోతే కొండ ఎక్కలేనని నీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఈ ఆట పుట్టిన తీరు గుర్తు చేసుకో. 1970లలో కాలిఫోర్నియాలోని మౌంట్ తమల్పాయిస్ మీద కుర్రాళ్లు 20 కిలోల పాత ఇనుప సైకిళ్లను పైకి చేర్చి, మట్టి దారిలో పందెం వేసుకుని దిగేవారు. బ్రేకు వేడికి వెనక హబ్బులోని గ్రీజు పొగైపోతే, దిగాక విప్పి మళ్లీ దట్టించుకునేవారు. ఆ కుర్రాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండ కోసమే కట్టిన ఫ్రేము కూడా క్రోమ్-మాలీ స్టీలుదే. రోడ్డు పందేల సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం ఉంది. మౌంటెన్ బైకులకు ఆ నియమం లేదు. అయినా ఒలింపిక్స్‌లో దిగే సైకిళ్లు సైతం 10 కిలోల చుట్టుపక్కలే ఆగుతున్నాయి. లావు టైర్లు, ఫోర్కు, డిస్కు బ్రేకులు, రాళ్లను తట్టుకునే ఫ్రేము, ఇవన్నీ ఉండి తీరాలి కాబట్టి అంతకన్నా తగ్గించడం కష్టం.

ఇప్పుడు మీ నాన్న సంగతి. వాడు నీకెప్పుడూ చెప్పలేదు, నేనూ ఇంతకాలం చెప్పలేదు. కానీ ఈ సమయంలో నీకు తెలియాలి.

నువ్వు పుట్టకముందు, 1990ల మధ్యలో, లావు టైర్ల సైకిళ్లు మన ఊళ్లోకి కొత్తగా వచ్చినప్పుడు మీ నాన్న ఒకటి కొన్నాడు. షాపులో నాకు సాయంగా ఉండేవాడు, ఆదివారం వస్తే స్నేహితులతో కొండపల్లి ఖిల్లాకు ఎక్కేవాడు. అందరిలోకీ వెనకబడుతున్నానని వాడికి మనసులో ఉండేది. ఒక పాత విదేశీ పత్రికలో, రేసు సైకిళ్ల బ్రేకు లివర్లకూ చైన్‌వీళ్లకూ బరువు తగ్గించడానికి వరసగా రంధ్రాలు వేసిన బొమ్మలు చూశాడు. అప్పటినుంచి అదే ధ్యాస. మడ్‌గార్డులు, స్టాండు తీసేశాడు, అందులో తప్పేమీ లేదు. తరవాత ఎవరి దగ్గరో వాడేసిన అల్యూమినియం హ్యాండిల్ బారు కొని, షాపులోని డ్రిల్లింగ్ మిషను మీద దానికి కూడా రంధ్రాలు వేశాడు. వద్దురా అని చెప్పాను, నా చేతిలోంచి లాక్కుని మరీ వేశాడు. ఆ రంధ్రాలు ఎక్కడ వేశాడంటే, బారును స్టెమ్ము, అంటే బారును ఫోర్కుకు కలిపే ముక్క, పట్టుకునే చోటికి సరిగ్గా పక్కన. రెండు చేతుల భారమూ బారును ఎక్కువగా వంచేది అక్కడే.

నీకు ఇంజనీరింగ్ చదువు ఉంది కాబట్టి నాకన్నా బాగా తెలుస్తుంది. 8 మిల్లీమీటర్ల రంధ్రం ఆ సన్నటి గొట్టానికి ఇవతలినుంచి అవతలికి వేస్తే పోయే అల్యూమినియం అర గ్రాము. ఇరవై రంధ్రాలు వేసినా పది గ్రాములు. కానీ లాగుతున్న రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచు దగ్గర ఒత్తిడి మూడు రెట్లవుతుంది. పైగా అల్యూమినియానికి ఒక గుణం ఉంది. స్టీలైతే ఒక హద్దుకు లోపల ఎన్నిసార్లు వంచినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, ప్రతి కుదుపునూ లెక్క రాసుకుంటూ పోతుంది. కొన్ని నెలల పాటు ఆ బారు చక్కగానే పనిచేసింది, అందుకే వాడికి ధైర్యం కుదిరింది.

ఆ రోజు నేను వాడి వెనకాలే దిగుతున్నాను. ఎక్కేటప్పుడు అందరికన్నా ముందు ఎక్కాడు, ఆ సంతోషంలో ఉన్నాడు. దిగుడులో ఒక కల్వర్టు అంచు మీద ముందు చక్రం గట్టిగా కొట్టుకుంది. బారులో కుడి సగం విరిగి వాడి చేతిలోకి వచ్చేసింది. బ్రేకు లివరు దానితోపాటే వేలాడుతోంది. సైకిలు అడ్డం తిరిగింది, వాడు ఎడమ భుజం మీద రాళ్లలో పడ్డాడు. మెడకూ భుజానికీ మధ్య ఉండే కాలర్ బోన్ విరిగింది. ఇబ్రహీంపట్నం దాకా ఒక లారీలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాం, దారి పొడుగునా వాడు నా చొక్కా పట్టుకునే ఉన్నాడు. ఎముక అతుక్కుంది గానీ కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అతుక్కుంది. ఎడమ భుజం దగ్గర చొక్కా కింద తేలి కనిపించే ఆ బొడిపె అదే. చిన్నప్పుడు తిరునాళ్లలో నిన్నెప్పుడూ కుడి భుజం మీదే ఎక్కించుకునేవాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

తరవాత ఆ విరిగిన బారును వెలుతురులో పెట్టి చూశాను. విరిగిన ముఖంలో సగం నల్లబడి నున్నగా ఉంది, మిగతా సగం తెల్లగా, గరుకుగా మెరుస్తోంది. నల్లగా ఉన్నంత మేర బీట ఎన్నో వారాలుగా రంధ్రం అంచునుంచి పాకుతూ వచ్చింది. తెల్లగా ఉన్నది ఆ క్షణాన ఒక్కసారిగా తెగింది. పైన మసి ఉండటం వల్ల బయటినుంచి ఏమీ కనబడలేదు.

కార్బన్ గురించి నా భయం ఇక్కడినుంచి వచ్చింది. కార్బన్ చెడ్డదని కాదు. కొత్తది, వారంటీ ఉన్నది, నమ్మకమైన చోట కొన్నదైతే రాళ్లలోనూ బాగా నిలుస్తుంది. కానీ అల్యూమినియం దెబ్బ తింటే సొట్ట పడి చెబుతుంది. కార్బన్ మాత్రం పైన రంగు చెక్కు చెదరకుండానే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. ఆ బెంగళూరు మనిషి ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు పడ్డాడో, సీటు పోస్టు బిగింపును ఎంత నొక్కేశాడో నీకు తెలియదు. ఫ్రేము వారంటీ సాధారణంగా మొదట కొన్నవారికే వర్తిస్తుంది. నాణెంతో తట్టి చప్పుడు వినమంటారు గానీ, నీ ప్రాణాన్ని ఆ చప్పుడు మీద పెట్టడానికి నేను ఒప్పుకోను. బలం, తేలిక, చవక, ఈ మూడింట్లో రెండే ఎంచుకో అని సైకిళ్లు తయారుచేసిన కీత్ బాంట్రేజర్ పేరు మీద సైకిళ్ల వాళ్లు చెప్పుకునే మాట ఒకటుంది. ఆ సైకిలు తేలికగా ఉంది, చవకగానూ దొరుకుతోంది.

హ్యాండిల్ బారు, స్టెమ్ము, సీటు పోస్టు, బ్రేకులు, ముందు ఫోర్కు గొట్టం: వీటిలో వాడేసినవి తీసుకోకు, గ్రాముల కోసం సన్నటివి వేయించకు. బోల్టులు బిగువు కొలిచే టార్క్ రెంచీతోనే బిగించు, స్టెమ్ము మీద 5 న్యూటన్ మీటర్లని రాసి ఉంటే 5 మాత్రమే. ముందు బ్రేకు డిస్కు 180 మిల్లీమీటర్లది వేయించు, ఘాట్ దిగేటప్పుడు దాని వేడిని తట్టుకునేది అదే. పడిన తరవాత ప్రతిసారీ బారును గ్రిప్పు విప్పి చూడు.

మిగతావి నీకు తెలిసినవే. హెల్మెట్ లేకుండా కదలకు. తెల్లవారుజామున బయల్దేరు. ఎక్కడికి వెళుతున్నావో మీ అమ్మకు చెప్పి వెళ్లు. బరువని నీళ్లు తగ్గించుకోకు, మన ఎండలో రెండు లీటర్లంటే రెండు కిలోలే, మోయి తల్లీ.

ఆదివారం ఉదయం బస్సులో గుంటూరు వస్తాను, ఇద్దరం కలిసి ఆ అల్యూమినియం సైకిలు చూసి వద్దాం. ఈలోగా గోడకు ఆనుకుని నిలబడి కాలి పొడవు కొలిచి ఉంచు, ఫ్రేము సైజు తేల్చడానికి కావాలి. గాలి ఫోర్కు ఉన్న రకం నీ బడ్జెట్‌కు కొంచెం మించితే ఆ తేడా నేను ఇస్తాను, మీ నాన్నతో చెప్పనక్కరలేదు. 30 పళ్ల చైన్‌వీల్ మాత్రం నా చేత్తోనే బిగిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న