లావణ్యకు, నడక గ్రూపు మొదలుపెట్టే ముందు

చిరంజీవి లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మాంట్‌గోమరీ క్లినిక్‌లో నడివయసు ఆఫ్రికన్ అమెరికన్ ఆడవాళ్ళ నడక గ్రూపు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఈ అలబామాలోనే ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేశాను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, బరువు మాట ఎత్తకు. నేను ఎత్తాను. స్కూలు బస్సు నడిపే యాభై రెండేళ్ళావిడకి బీపీ చూస్తూ, "కాస్త బరువు తగ్గాలి, నడవండి" అన్నాను. ఆవిడ చేతి పట్టీ తనే విప్పుకుంది, మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ మాట అప్పటికే ఎంతమంది నోట విని ఉంటుందో నాకు తట్టలేదు. ఇక్కడి నల్లజాతి ఆడవాళ్ళలో సగానికి పైగా బీపీ ఉన్నవాళ్ళే. అమ్మకో అక్కకో పక్షవాతం రావడం కళ్ళారా చూసినవాళ్ళు. వాళ్ళని నువ్వు కొత్తగా భయపెట్టక్కర్లేదు. నడకకి అడ్డేమిటో అడుగు, చాలు. అడిగేటప్పుడు పేరుకి ముందు 'మిస్' చేర్చు. ఇక్కడ అది మన 'గారు' లాంటిది.

మనకి తట్టని అడ్డు జుట్టు. శనివారం పార్లర్లో గంటలకొద్దీ కూర్చుని, బోలెడు డబ్బు పోసి సాఫు చేయించుకున్న జుట్టు సోమవారం చెమటకి మళ్ళీ రింగులు తిరిగిపోతే ఆఫీసుకి ఎలా వెళ్తుంది? దయచేసి దీన్ని సాకు అనుకోకు. రాత్రిపూట కట్టుకునే శాటిన్ స్కార్ఫే నడకకీ కట్టుకునేవాళ్ళున్నారు. సన్నజడలు అల్లించుకున్న వారాల్లో ఎక్కువ నడిచేవాళ్ళున్నారు. జోరు నడక పార్లర్‌కి వెళ్ళే ముందు రెండు రోజులకి పెట్టుకుంటే ఇంకా సులువు. ఈ సంగతులు వాళ్ళ చేతే గ్రూపులో చెప్పించు.

బాత్రూమ్ దగ్గరుండే చోటు చూడు. బీపీకి మాటిమాటికీ మూత్రం వచ్చేలా చేసే నీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళు దాని గురించి పైకి చెప్పరు, రావడం మానేస్తారు. చర్చి హాలో, షాపింగ్ మాలో మేలు. జూలై ఉక్కలో, అందులోనూ ముట్లుడిగే వయసు వేడి ఆవిర్లతో, బయట నడవడం మాటలు కాదు. ఫుట్‌పాత్ లేని వీధుల్లో, కుక్కలు తిరిగే చోట ఒంటరిగా నడవమని మాత్రం ఎవరికీ చెప్పకు.

వారానికి 150 నిమిషాలు నడవాలని మొదటిరోజే చెప్పేయకు. ఇంట్లో మనవలు, మంచాన పడ్డ తల్లి, పైన ఉద్యోగం. పది నిమిషాలతో మొదలుపెట్టు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. చర్చిలో పాడేవాళ్ళు ఉంటారు కాబట్టి ఈ గుర్తు ఇట్టే పట్టేస్తారు. ఛాతీలో పట్టేసినా కళ్ళు తిరిగినా అక్కడే ఆపేయాలని ప్రతిసారీ చెప్పు.

ఇంకో సంగతి. నడక వాళ్ళకి నువ్వు తీసుకెళ్ళి నేర్పేది కాదమ్మా. నువ్వున్న ఊళ్ళోనే 1955 డిసెంబరు 5 నుంచి 381 రోజులు నల్లజాతి వాళ్ళు, బస్సుల్లో తమపై చూపే వివక్షకి నిరసనగా, సిటీ బస్సు ఎక్కలేదు. ఇళ్ళల్లో వంటపని, పాచిపని చేసే ఆడవాళ్ళు ఎంతోమంది మైళ్ళకి మైళ్ళు నడిచి పనికెళ్ళారు. నీ గ్రూపుకి వచ్చేవాళ్ళలో కొందరికి వాళ్ళు అమ్మమ్మలు, నాయనమ్మలే కావచ్చు. అడిగితే కథలు చెబుతారు, కథ చెబుతూ ఇంకో చుట్టు తిరిగేస్తారు. 2010లో మోర్గన్ డిక్సన్, వెనెసా గారిసన్ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు మొదలుపెట్టిన గర్ల్‌ట్రెక్ గురించి కూడా చెప్పు. రోజూ అరగంట నడుద్దాం రమ్మని తోటి ఆడవాళ్ళని పిలిచారు, లక్షల మంది కదిలారు.

నువ్వు కూడా మంచి షూస్ కొనుక్కో. ఫైలు పట్టుకుని పక్కన నిలబడి లెక్కలు రాయకు, వాళ్ళతో నడువు. మొదటిరోజు అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. ఇద్దరే వస్తే ఆ ఇద్దరితోనే నడిచి, ఇంటికొచ్చాక చెయ్యి.

మీ పెద్దమ్మ