రెండు డిపాజిట్లలో దేంట్లో ఎంతుంది?

ప్రశ్న: మా నాన్నగారు 5 లక్షలను రెండు డిపాజిట్లుగా వేశారు. ఒకదానికి ఏటా 6 శాతం, ఇంకోదానికి 8 శాతం వడ్డీ. రెండూ కలిపి ఏడాదికి 34,000 వస్తోంది. దేంట్లో ఎంత వేశారో ఆయనకు గుర్తులేదు. తెలుసుకోవచ్చా? ఆ వడ్డీ 42,000 అయ్యేలా సర్దుకోవచ్చా?

జవాబు: కాగితాలు దొరకలేదని టెన్షన్ పడకండి. తెలియనివి రెండు, వాటి గురించి తెలిసిన సంగతులూ రెండు. బడిలో నేర్చుకున్న చరరాశిని తొలగించే పద్ధతి ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. 6 శాతం డిపాజిట్‌ను క, 8 శాతం దాన్ని గ అనుకుందాం.

క + గ = 5,00,000
6క + 8గ = 34,00,000

శాతాలతో చిక్కు లేకుండా రెండో వరుసను 100తో హెచ్చవేశాను. మొదటి వరుసను 6తో హెచ్చవేస్తే 6క + 6గ = 30,00,000. దీన్ని రెండో వరుసలోంచి తీసేస్తే క పోయి, 2గ = 4,00,000 మిగులుతుంది. అంటే గ 2 లక్షలు, క 3 లక్షలు. సరిచూడండి: 18,000, 16,000 కలిపితే 34,000.

6తో ఎందుకు హెచ్చవేశామో కూడా చూడండి, ఈ లెక్కలో నాకు బాగా నచ్చేది అదే. డబ్బంతా 6 శాతంలోనే ఉంటే 30,000 వచ్చేది. మీకు 4,000 ఎక్కువ వస్తోంది. అది గ మీద అదనంగా వచ్చే 2 శాతమే. రెండు రేట్లూ ఒకటే అయితే తీసివేశాక 0 = 0 అని తేలేది, అప్పుడు ఇంకో వివరం లేకుండా ఎవరూ చెప్పలేరు.

ఇక 42,000 సంగతి. అదే లెక్క చేస్తే గ 6 లక్షలు, క మైనస్ 1 లక్ష వస్తాయి. అంటే 6 శాతానికి లక్ష అప్పు తెచ్చి 8 శాతంలో వేయాలన్నమాట. మీకు ఆ రేటుకు అప్పు పుట్టదు, పుట్టినా ఆ పని చేయవద్దు. ఉన్నదంతా 8 శాతంలో వేసినా వచ్చేది 40,000. ఇవే రేట్లతో అంతకన్నా ఎక్కువ ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

34,000 పన్ను కోసుకోక ముందు వడ్డీయేనా అన్నది మాత్రం ముందు కనుక్కోండి. కోత పడ్డాక వచ్చిన అంకె అయితే పై జవాబు మారుతుంది. 3 లక్షలను 8 శాతానికి మార్చేముందు, గడువు తీరకుండా తీస్తే ఎంత కోస్తారో అడగండి. మీకు ఏటా కలిసొచ్చేది 6,000 మాత్రమే.