డ్యాష్‌బోర్డు నిండా రంగులే, జవాబు మాత్రం లేదు

సందేహం: మా టీమ్ పనులన్నీ ఒక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి రెండేళ్లయింది. ప్రతి సోమవారం మేనేజర్‌కి రిపోర్ట్ ఇవ్వాలి. చార్టులు చాలానే వస్తాయి గానీ, ‘పనులు ఎందుకు లేటవుతున్నాయి’ అని అడిగితే చెప్పలేకపోతున్నాను. సీఎస్‌వీగా (సాదా పట్టిక ఫైల్‌గా) ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్సెల్‌లో లెక్కేస్తే టూల్ చూపే అంకెకీ నా అంకెకీ పొంతన ఉండట్లేదు. ఒకటి రెండు రిపోర్టింగ్ యాడ్-ఆన్‌లు (టూల్‌కి అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) ట్రయల్ వేసి తీసేశాను. మేనేజర్‌కి లాగిన్ లేదు కాబట్టి డ్యాష్‌బోర్డు పబ్లిక్ లింక్ పంపుతున్నాను. మంచి యాడ్-ఆన్ ఏదైనా చెప్పగలరా?

ఈ ఉత్తరం నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ముందు ఏం రాసినా చివరి వాక్యం మాత్రం మారదు: యాడ్-ఆన్ చెప్పండి. చెప్పను. చిల్లు కుండకి ఎన్ని రంగులేసినా నీళ్లు నిలవవు.

మీ ఎక్స్‌పోర్ట్ ఫైల్ ఒక ఫొటో లాంటిది. ఈ క్షణంలో ఏ పని ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. ఒక పని మూడుసార్లు ‘పూర్తయింది’లోకి వెళ్లి, రెండుసార్లు వెనక్కొచ్చి, మధ్యలో పన్నెండు రోజులు ఎవరి అనుమతి కోసమో ఆగి ఉండొచ్చు. ఫైల్‌లో మాత్రం అది ఒకే వరుస. లేటు ఎక్కడైందో ఆ వరుసలో లేనప్పుడు ఏ చార్టు చూపిస్తుంది? మీకు కావాల్సింది మార్పుల చరిత్ర: ఏ పని, ఏ స్థితి నుంచి ఏ స్థితికి, ఏ రోజు ఎన్ని గంటలకి మారిందన్నది. దాదాపు ప్రతి టూల్ దీన్ని లోపల దాచుకుంటుంది. యాక్టివిటీ అనో హిస్టరీ అనో ఉంటుంది, చాలాసార్లు ఏపీఐ ద్వారా, అంటే ఒక ప్రోగ్రామ్ నేరుగా టూల్‌ని అడిగి డేటా తెచ్చుకునే దారిలో తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే ఇవాళ్టి నుంచి రోజూ ఒకే సమయానికి ఎక్స్‌పోర్ట్ తీసి, తేదీ కాలమ్ చేర్చి, ఒకదాని కింద ఒకటి పేర్చండి. మూడు నెలల్లో మీ చరిత్ర మీ దగ్గరే ఉంటుంది.

ఇక అంకెలు కలవకపోవడం సంగతి. సబ్‌టాస్కుల్ని టూల్ ఒక రకంగా, మీరు ఇంకో రకంగా లెక్కపెడుతుంటారు. ఆర్కైవ్ చేసినవి ఒకచోట ఉండి ఇంకోచోట ఉండవు. సమయాన్ని యూటీసీలో, అంటే మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో దాచే టూల్ అయితే అర్ధరాత్రి దాటగానే మూసిన పని ముందు రోజు ఖాతాలో పడుతుంది. ఇవన్నీ వెతికితే దొరికేవే. దొరకనిది తేదీ. 03/04 అంటే మార్చి 4నా, ఏప్రిల్ 3నా? ఎక్సెల్ మీ కంప్యూటర్ సెట్టింగ్ చూసి ఊహిస్తుంది. ఆ ఊహకి లొంగని 25/04/2025 లాంటివాటిని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. ఊహ తప్పితే కొన్ని తేదీలు తప్పు, మిగతావి తేదీలే కాదు, పైగా ఎర్రర్ ఒక్కటీ రాదు. తేదీల్లా కనిపించే కొన్ని జన్యువుల పేర్లని ఎక్సెల్ ఇలాగే తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. మీరు అంతదూరం వెళ్లక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్‌లో ఐఎస్‌వో 8601 పద్ధతి, అంటే 2025-04-03 లాగా సంవత్సరం ముందుండేది ఎంచుకోండి. ఫైల్ తెరవగానే వరుసలెన్నో కూడా చూసుకోండి. అదే 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. కారణం, 65,536 వరుసలు దాటితే పట్టని పాతకాలపు ఎక్సెల్ ఫార్మాట్.

డేటా శుభ్రమైనా ‘పూర్తయింది’ అంటే ఏంటో మీ టీమ్‌లో ముగ్గుర్ని విడివిడిగా అడిగి చూడండి. ఒకరికి రాయడం అయిపోతే పూర్తి, ఒకరికి టెస్టింగ్ అయితే పూర్తి, ఇంకొకరికి కస్టమర్ చేతికి వెళ్తేనే పూర్తి. శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చి వారం పని మొత్తం ఒకేసారి మూసేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్ల పుణ్యమా అని మీ చార్టులో పనులన్నీ శుక్రవారమే పూర్తవుతాయి. ‘ఎంత శాతం అయింది’ అనే కాలమ్ ఉంటే తీసి పారేయండి. మొదటి 90 శాతం కోడ్‌కి 90 శాతం సమయం పడుతుంది, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం పడుతుందని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పనిచేసిన టామ్ కార్గిల్ ఎప్పుడో అన్నాడు. నవ్వుతాం గానీ, ఆ కాలమ్‌లో అందరం 90 అనే రాస్తాం.

మేనేజర్‌కి సగటు ఇవ్వకండి. తొమ్మిది పనులు రెండేసి రోజుల్లో అయ్యాయి, పదోది 42 రోజులు పట్టింది అనుకోండి. సగటు ఆరు రోజులు. అందులో ఏ పనికీ ఆరు రోజులు పట్టలేదు! మధ్యస్థం (రోజుల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే నడిమధ్యన వచ్చే అంకె) ఇవ్వండి, ‘నూటికి 85 పనులు ఇన్ని రోజుల్లోపు అవుతున్నాయి’ అని చెప్పండి, ఆ 42 రోజుల పని గురించి విడిగా రాయండి. మీ మేనేజర్ ప్రశ్నకి జవాబు ఉన్నది దాని చరిత్రలోనే. ఇంకో లెక్క ఉంది, 1961లో అమెరికన్ ప్రొఫెసర్ జాన్ లిటిల్ నిరూపించినది: చేతిలో ఉన్న పనుల సంఖ్యని వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున ఎన్ని వారాలు పడుతుందో వస్తుంది. పని వచ్చే వేగం, అయ్యే వేగం కొంతకాలంగా ఇంచుమించు సమానంగా ఉంటే చాలు. ముప్ఫై మొదలుపెట్టి వారానికి ఐదు ముగిస్తుంటే ఆరు వారాలు. మనుషులు బద్ధకస్తులు కాకపోయినా ఆరు వారాలే. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, మొదలుపెట్టిన పనుల సంఖ్య చూసి మురిసిపోయే రిపోర్టులు నాకు చిరాకు.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇవేవీ కాదు. మాటవరసకి రాసేసిన ఆ పబ్లిక్ లింక్. దానికి పాస్‌వర్డ్ లేదు. మీ మేనేజర్ దాన్ని ఎవరికి ఫార్వర్డ్ చేశారో మీకు తెలీదు, ఉద్యోగం మానేసినవాళ్ల చాట్‌లో కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. ఎక్కడైనా బహిరంగంగా పేస్ట్ చేస్తే సెర్చ్ ఇంజిన్ కంట పడొచ్చు. టాస్కుల్లో ఏముంటాయో తెలుసు కదా: కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కామెంట్లలో ‘తాత్కాలికంగా’ పెట్టిన పాస్‌వర్డులు. లింక్‌లో చార్టులే కనిపిస్తాయి అంటారేమో, బార్ మీద నొక్కితే వెనక టాస్కుల జాబితా తెరుచుకునే డ్యాష్‌బోర్డులూ ఉన్నాయి. మేనేజర్‌కి చూడటానికి మాత్రమే వీలుండే లాగిన్ ఇప్పించండి, లేదా పీడీఎఫ్ పంపండి.

ట్రయల్ వేసి తీసేసిన యాడ్-ఆన్‌లూ అంతే. యాడ్-ఆన్ తీసేయగానే దానికి మీరిచ్చిన అనుమతి కూడా పోయిందన్న నమ్మకం లేదు. కనెక్టెడ్ యాప్స్ పేజీలోకి వెళ్లి ఒక్కొక్కటీ రద్దు చేయండి. రేపు మీరు ఏపీఐ వాడితే టోకెన్‌ని (డేటా తెరిచే రహస్య తాళంచెవి లాంటి కోడ్‌ని) షేర్ చేసిన షీట్ స్క్రిప్టులో పేస్ట్ చేయకండి. ఇప్పటికే చేసుంటే చెరిపేసి ఊరుకోకండి, పాత వెర్షన్లలో అది భద్రంగా ఉంటుంది. టోకెన్‌నే రద్దు చేసి కొత్తది తీసుకోండి, అదీ చదవడానికి మాత్రమే, గడువుతో. బయటివాళ్లు ఫారం నింపి టాస్కులు పెట్టే వీలుంటే ఇంకో తలనొప్పి: ఈక్వల్ గుర్తుతో మొదలయ్యే టైటిల్‌ని ఎక్సెల్ ఫార్ములా అనుకుని నడిపేయొచ్చు. అలాంటి ఫైల్ తెరిచినప్పుడు వచ్చే హెచ్చరికని చదవకుండా ఓకే నొక్కకండి.

టూల్స్ తయారుచేసేవాళ్లనీ ఒక మాట అనాలి. ఈ మధ్య అప్‌డేట్ వస్తే చాలు, ఏఐ సారాంశం బటన్ స్క్రీన్ మధ్యలో మెరుస్తుంది. శుక్రవారం సాయంత్రం మూసిన టాస్కులనే చదివి ‘టీమ్ చక్కటి వేగంతో ముందుకు సాగుతోంది’ అని ధీమాగా రాసిస్తుంది. ఎక్స్‌పోర్ట్ మాత్రం మూడు చుక్కల వెనక మెనూలో, అందులో ఇంకో మెనూలో. మార్పుల చరిత్ర కావాలంటే పై ప్లాన్ కొనమనేవీ ఉన్నాయి. రెండేళ్లు కూర్చుని టైప్ చేసింది మనం, దాన్ని వెనక్కి తీసుకోవడానికి డబ్బు కట్టేదీ మనమే. కొత్త టూల్ తీసుకునేవాళ్లు డెమోలో చార్టులు చూడటం మాని, చరిత్రతో సహా మొత్తం డేటా బయటికి తీసి చూపించమని అడగండి. డెమో ఇచ్చే మనిషి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

మీరు మాత్రం ముందు ఆ పబ్లిక్ లింక్ ఆపేసి రండి. సోమవారం రిపోర్ట్ ఒక రోజు లేటైనా ఫర్వాలేదు.