ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్తగా చేరేవాళ్ల కంప్యూటర్ సందేహాలు

బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరబోయేవాళ్ల నుంచి ఈ మధ్య నాకు వచ్చే మెసేజీల్లో సగం ఒకే పాట. "అక్కా, ఓస్కీ (నర్సుల ప్రాక్టికల్ పరీక్ష) పాసయ్యాను, వచ్చే నెల జాయినింగ్. అక్కడ అన్నీ కంప్యూటర్‌లోనే అంట కదా, ముందే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని రావాలి?" ప్లాబ్ అనే అర్హత పరీక్ష రాసి వస్తున్న డాక్టర్లూ ఇదే అడుగుతారు. ఇక్కడే నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలూ ఇదే అడుగుతారు.

ఏదీ నేర్చుకుని రానక్కర్లేదు. ఒక ఆస్పత్రిలో ఎపిక్ అనే రికార్డుల సాఫ్ట్‌వేర్ ఉంటే పక్క ట్రస్ట్‌లో (ఆస్పత్రులు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థలో) ఇంకేదో ఉంటుంది. జీపీ సర్జరీల్లో (అంటే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్కుల్లో) అయితే ఎక్కువగా ఎమిస్, లేకపోతే సిస్టమ్‌వన్. ఎక్కడికెళ్లినా లాగిన్ చేతికిచ్చే ముందు ట్రైనింగ్ ఇస్తారు. ఏ బటన్ ఎక్కడుందో కొద్ది రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. చెయ్యి తిరిగాక స్క్రీన్ చెప్పిందల్లా నమ్మేస్తాం. ఇది ఎవరు ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు, ఈ పేషెంట్‌దేనా అని అడగడం మానేస్తాం. మీరు ఈ దేశానికి తెచ్చుకోవాల్సిన సామాను ఆ మూడు ప్రశ్నలే.

2019 ఫిబ్రవరిలో అమెరికన్ కార్డియాలజిస్ట్ ఎరిక్ టోపోల్ ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బందిని డిజిటల్ భవిష్యత్తుకు ఎలా తయారుచేయాలో ఒక నివేదిక ఇచ్చారు. ఇరవై ఏళ్లలో ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగాల్లో 90 శాతానికి ఏదో ఒక మేర డిజిటల్ నైపుణ్యం కావాల్సి వస్తుందని అందులో ఉంది. కోచింగ్ వాళ్లు ఆ 90 శాతాన్ని పట్టుకుని మనవాళ్లకు కోర్సులు అంటగడుతున్నారు. యంత్రాల వల్ల మిగిలిన సమయం పేషెంట్ దగ్గర గడపడానికే దక్కాలని అదే నివేదిక గట్టిగా చెప్పింది. ఆ మాట మాత్రం ఏ ప్రకటనలోనూ కనపడదు.

ఆబ్స్ (బీపీ, పల్స్ లాంటి కొలతలు) మెషీన్ తీస్తుంది, స్కోర్ సిస్టమ్ వేస్తుంది, ఇక నేను చూడాల్సిందేముంది?

చాలా ఉంది. పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే స్కోర్ ఒకటుంది. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన ఆ న్యూస్ 2 స్కోరే ఇంగ్లండ్‌లో దాదాపు అన్ని ఆస్పత్రుల్లో నడుస్తోంది. ఊపిరి రేటు, ఆక్సిజన్ శాచురేషన్, ఆక్సిజన్ పెట్టామా లేదా, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్ ఎక్కిస్తే సిస్టమే కూడి చెబుతుంది. 5కి చేరితే వెంటనే రివ్యూ, 7కి చేరితే ఎమర్జెన్సీ. కూడిక తప్పు పోయే ప్రశ్నే లేదు. మనం ఎక్కించేదాంట్లోనే తేడా వస్తుంది.

ఊపిరి రేటు సంగతే చూడండి. మామూలు ఆబ్స్ మెషీన్ దాన్ని కొలవదు. మనమే పేషెంట్ ఛాతీ వైపు చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టాలి. పని ఒత్తిడిలో కొందరు కంటితో ఒకసారి చూసి 16 అనో 18 అనో కొట్టేస్తారు. ఒంట్లో బాగోలేదని ముందుగా చెప్పేది చాలాసార్లు ఊపిరే. ఆ గడిలో అలవాటు కొద్దీ పడిన అంకె ఉంటే, మిగతావన్నీ సరిగా ఉన్నా స్కోర్ చల్లగా 1 చూపిస్తుంది. డాక్టర్ ఇంకో వార్డులో కూర్చుని ఆ 1 చూసి ఈ పేషెంట్‌ని లిస్టులో చివరికి నెడతాడు.

ఇంకోటి శాచురేషన్. న్యూస్ 2లో దానికి రెండు స్కేళ్లున్నాయి. సీవోపీడీ వంటి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవాళ్లకు టార్గెట్ 88 నుంచి 92. వాళ్లకు స్కేల్ 2 వాడాలని సీనియర్ డాక్టరో, ఆ అధికారం ఉన్నవాళ్లో నిర్ణయించి రాయాలి. ఆ టిక్ పడకపోతే, 90 శాచురేషన్‌తో తన మటుకు తాను నిమ్మళంగా ఉన్న మనిషికి సిస్టమ్ 3 పాయింట్లు వేసి అలారం మోగిస్తుంది. అది చూసి ఎవరో కంగారుగా ఆక్సిజన్ పెంచేస్తారు, అసలు ప్రమాదం అక్కడుంది. స్కేల్ 2 పెట్టి ఉంటే, ఆక్సిజన్ మీద 97 చూపించినప్పుడు ఆ 97కే 3 పాయింట్లు పడతాయి. ఒకే అంకె ఒకరికి ఊరట, ఇంకొకరికి హెచ్చరిక. అది ఎవరి విషయంలో ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, దానికి చెప్పాల్సింది మనమే.

పైగా పల్స్ ఆక్సీమీటర్ ముదురు రంగు చర్మం మీద శాచురేషన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అమెరికాలో 2020లో వచ్చిన అధ్యయనం ఈ విషయాన్ని గట్టిగా బయటపెట్టింది. బ్రిటన్‌లో మార్గరెట్ వైట్‌హెడ్ అధ్యక్షతన వేసిన కమిటీ కూడా 2024 మార్చిలో ఇదే ఎత్తిచూపింది. మన చర్మం రంగు మనకు తెలుసు కాబట్టి ఈ సంగతి మనవాళ్లకు తొందరగా తలకెక్కాలి. అంకె 95 అంటున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

మందులు ఇచ్చేటప్పుడు సిస్టమే తప్పులు పట్టేస్తుందట కదా?

కొన్ని పడుతుంది. రిస్ట్‌బ్యాండ్ స్కాన్ చేసి, మందు స్కాన్ చేసి ఇస్తే ఒకరి మందు ఇంకొకరికి పడే ప్రమాదం బాగా తగ్గుతుంది. అయితే ఆ రిస్ట్‌బ్యాండ్ పేషెంట్ చేతికి ఉన్నదే అవ్వాలి. స్కానర్ మొరాయిస్తోందనీ, నిద్రపోతున్నవాళ్లను లేపడం ఎందుకనీ ఇంకో బ్యాండ్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకుని దాన్ని స్కాన్ చేసేవాళ్లు ఉన్నారు. సిస్టమ్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది, భద్రత మాత్రం సున్నా. మీ ముందున్న సీనియర్ అలా చేస్తుంటే నేర్చుకోకండి.

డ్రాప్‌డౌన్‌లు చేసే మోసం వేరు. అలర్జీ ఎక్కించడానికి ఇంగ్లిష్‌లో "పెని" అని నాలుగు అక్షరాలు కొట్టగానే జాబితా తెరుచుకుంటుంది. పెనిసిలిన్ పక్కనే పెనిసిలమైన్ ఉంటుంది. అది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు, విల్సన్ జబ్బుకు అరుదుగా వాడే మందు, యాంటీబయాటిక్ కానే కాదు. వేలు జారి దాని మీద పడితే అలర్జీ గడి నిండినట్టే ఉంటుంది, ఎర్ర గుర్తు కూడా వస్తుంది. తర్వాత ఎవరో కో-అమాక్సిక్లావ్ రాస్తారు, సిస్టమ్ నోరు మెదపదు. అది పెనిసిలిన్ జాతి మందే అయినా ఆ పేరులో పెనిసిలిన్ అన్న ముక్కే లేదు కాబట్టి కొత్త నర్సుకు అనుమానమూ రాదు. అందుకే అలర్జీ సంగతి స్క్రీన్ మీద చదివి ఊరుకోకుండా పేషెంట్‌ని నోటితో అడగండి. ఏ మందు, తీసుకుంటే ఏమైంది, ఎప్పుడు అని. మెథోట్రెక్సేట్‌కూ ఇదే జాగ్రత్త. కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మందు అది, రోజూ అన్న ఆప్షన్ మీద ఒక్క క్లిక్ పడితే ప్రాణం మీదకు వస్తుంది.

రోజుకు ఎన్నో హెచ్చరికలు తెర మీదకు వస్తాయి. చాలావాటికి అర్థం ఉండదు, చూసీ చూడనట్టు ఓకే కొట్టేయాలనిపిస్తుంది. అనవసరమైనవని మీకు అనిపించినవాటిని ఫార్మసిస్ట్‌కు చెప్పండి. వాళ్లు ఆ పాపప్‌ను తీసేయించగలరు. ఇది కొత్తవాళ్లు చెప్పాల్సిన విషయం కాదేమో అనుకోకండి. పాతవాళ్లకు అవి కంటికి ఆనడమే మానేసి చాలా కాలమైంది.

డాక్టర్లకు ఒక్క ముక్క: నిన్నటి నోట్‌ను కాపీ చేసి ఇవాళ్టి నోట్‌గా పెట్టే అలవాటు చేసుకోవద్దు. క్యాథెటర్ (మూత్రం గొట్టం) తీసేసి నాలుగు రోజులైనా నోట్‌లో ఇంకా ఉంటూనే ఉంటుంది.

తోటి తెలుగువాళ్లు సాయం అడిగితే?

అసలు ఇబ్బంది ఇక్కడే, ఎందుకంటే మనకు కాదనడం చేతకాదు. లాగిన్ ఇంకా రాని కొత్త అబ్బాయి "అక్కా, ఈ ఒక్క షిఫ్ట్‌కి నీ లాగిన్ కార్డు ఇవ్వవా" అంటాడు. స్నేహితురాలు ఫోన్ చేసి "మా మామయ్యగారి స్కాన్ రిపోర్ట్ వచ్చిందో లేదో ఒకసారి చూసిపెట్టవే" అంటుంది. ఇంకెవరో వింత ఎక్స్‌రే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, పైన మూలన పేషెంట్ పేరు కనపడుతూనే ఉంటుంది.

మూడింటికీ జవాబు ఒకటే, కుదరదు. సిస్టమ్‌లో మీరు ఏ రికార్డు ఎప్పుడు తెరిచారో అంతా నమోదవుతుంది. మీ వైద్యంలో లేని మనిషి రికార్డు తెరవడం 2018 నాటి డేటా ప్రొటెక్షన్ చట్టం కింద నేరం కావచ్చు. అలా చూసిన ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగులు కోర్టుల దాకా వెళ్లిన కేసులున్నాయి. నర్సులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే ఎన్‌ఎంసీ, డాక్టర్లకు ఇచ్చే జీఎంసీ విచారణ అదనం. చాలా ట్రస్టుల్లో సొంత రికార్డు తెరిచి చూసుకోవడం కూడా నిషిద్ధమే. కార్డు ఇస్తే, దాని మీద జరిగిన ప్రతి పనికీ మీ పేరే ఉంటుంది. మామయ్యగారికైతే ఎన్‌హెచ్‌ఎస్ యాప్ పెట్టుకోమని చెప్పండి. రెండు నిమిషాలు కూర్చుని పెట్టివ్వండి కూడా, అది మంచి సాయం. అనుమానం వచ్చిన చోట మీ సంస్థలో కాల్డికాట్ గార్డియన్ అని ఒకరుంటారు. పేషెంట్ సమాచారం ఎవరికి ఇవ్వచ్చో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చేది వాళ్లే.

మన పేర్ల గొడవ కూడా చెప్పాలి. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, పాస్‌పోర్ట్‌లో ఒకలా జీపీ దగ్గర ఇంకోలా రాయించుకున్నవాళ్లు, సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు అసలు పుట్టినరోజు వేరు అనేవాళ్లు మనలో కొల్లలు. ఒకే మనిషికి రెండు రికార్డులు పుట్టేది ఇలాగే. పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబర్‌తో కలిపి చూడకుండా పేరు ఒక్కటే చూసి ఏ రికార్డూ తెరవకండి.

సిస్టమ్ పడిపోతే?

పడిపోతుంది, ఆ రోజు తప్పకుండా వస్తుంది. 2017 మే 12న వానాక్రై వైరస్ వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో ఎన్నో ట్రస్టుల కంప్యూటర్లు స్తంభించాయి. 2024 జూన్‌లో లండన్‌లో రక్తపరీక్షలు చేసే సిన్నోవిస్ మీద సైబర్ దాడి జరిగింది. కింగ్స్ కాలేజ్, గైస్ అండ్ సెయింట్ థామస్ ఆస్పత్రుల్లో 10,000 పైచిలుకు అపాయింట్‌మెంట్లు వాయిదా పడ్డాయి. రక్తం గ్రూపు ఎప్పటి వేగంతో సరిచూసే వీలు లేక, అత్యవసరంలో ఎక్కువమందికి ఎక్కించగలిగే "ఓ" (O) గ్రూపు రక్తం కోసం దాతలకు పిలుపునిచ్చారు. దాడి జరిగింది కంప్యూటర్ల మీద, కరువొచ్చింది రక్తానికి.

ఓస్కీ కోసం మీరు కాగితం మీద న్యూస్ 2 చార్ట్ గీసి, చేత్తో కూడి, చుక్కలు కలిపి ఉంటారు. "ఇప్పుడెవరు వాడతారు ఇవి" అని విసుక్కునే ఉంటారు. అవే ఆ రోజు అక్కరకు వస్తాయి. చేరిన మొదటి వారంలోనే వార్డులో డౌన్‌టైమ్ ఫోల్డర్ ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. ఖాళీ డ్రగ్ చార్టులు, ఆబ్స్ చార్టులు అందులో ఉన్నాయో లేదో తెరిచి చూడండి.

ఏఐ నోట్స్ రాసిపెడుతుందట?

క్లినిక్‌లో మాటలు విని నోట్ తయారుచేసే టూల్స్ వచ్చేశాయి. 2025 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ వాటికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ట్రస్ట్ ఒప్పుకున్నవే వాడాలి. ఫోన్‌లో ఉన్న చాట్‌బాట్‌లో పేషెంట్ వివరాలు అతికించడం మాత్రం ఉద్యోగం పోగొట్టుకోవడానికి దగ్గర దారి. నోట్ ఎంత నున్నగా ఉంటే అంత నిదానంగా చదవండి. వాళ్ల నాన్నకు గుండెపోటు వచ్చిందని పేషెంట్ చెబితే అది పేషెంట్‌కే వచ్చినట్టు పడవచ్చు, "లేదు" అన్న మాట ఎగిరిపోవచ్చు. మన యాస, పేషెంట్ యాస కలిసినచోట ఇంకాస్త జాగ్రత్త. సంతకం మీది, జవాబుదారీ మీరే. సాఫ్ట్‌వేర్ వల్ల హాని జరిగినా, తృటిలో తప్పినా ఆస్పత్రిలో ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయండి. వైద్య పరికరం కింద లెక్కలోకి వచ్చే సాఫ్ట్‌వేర్, ఏఐ అయితే మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ వాళ్ల ఎల్లో కార్డ్ అనే ఫిర్యాదు విధానంలో కూడా ఇవ్వచ్చు.

హెల్త్ ఇన్‌ఫర్మాటిక్స్‌లో ఎమ్మెస్సీ చేయమంటారా? కోడింగ్ నేర్చుకోమంటారా?

ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ మనిషి ఉన్న ప్రతి నర్సుకూ ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. నా మాట వేరు. ముందు రెండేళ్లు వార్డులో పని చేయండి. డ్రగ్ రౌండ్‌లో ఎక్కడ ఆగిపోతున్నారో, ఏ స్క్రీన్ మిమ్మల్ని అబద్ధమాడేలా చేస్తోందో ఒంటికి పట్టాలి. అది తెలిసిన మనిషికే ఈ రంగంలో విలువ. కోడ్ రాసేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. ఇంగ్లండ్‌లో కొత్త హెల్త్ సాఫ్ట్‌వేర్ తయారుచేసినా, ఆస్పత్రిలో పెట్టినా డీసీబీ 0129, డీసీబీ 0160 అనే భద్రతా ప్రమాణాలు పాటించాలి. దానికి క్లినికల్ సేఫ్టీ ఆఫీసర్ ఉండి తీరాలి, ఆ మనిషి రిజిస్ట్రేషన్ ఉన్న క్లినీషియన్ అయ్యుండాలి. నర్సులు, ఫార్మసిస్టులు ఆ పనికి సరిగ్గా సరిపోతారు. మీ ట్రస్ట్‌లో కొత్త సిస్టమ్ వస్తోందంటే "నన్ను టెస్టింగ్‌కు పిలవండి" అని వార్డ్ మేనేజర్‌తో చెప్పి ఉంచండి. సూపర్ యూజర్‌గా (తోటివాళ్లకు కొత్త సిస్టమ్ నేర్పే మనిషిగా) మొదలై డిజిటల్ నర్స్‌గా మారిన మనవాళ్లు నాకు తెలుసు. టోపోల్ పేరు మీదే ఒక ఫెలోషిప్ కూడా ఉంది, ఉద్యోగం మానకుండా చేసుకోవచ్చు. ఎమ్మెస్సీకి డబ్బు కట్టే ముందు ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయేమో మీ లైన్ మేనేజర్‌ని అడగండి. స్టడీ లీవ్ కూడా అదే నోటితో అడిగేయండి.