కుళ్ళిన చెర్రీలు కల్తీ అవుతాయా?

సందేహం: 1906 నాటి ఆహార, ఔషధ చట్టం కింద అమెరికా ప్రభుత్వం కుళ్ళిన చెర్రీపండ్ల డబ్బాలను పట్టుకున్నట్టు తెలిపే పాత ప్రకటనను అనువదిస్తున్నాను. ‘అడల్టరేషన్’కు ‘కల్తీ’ అనీ, ‘సీజర్’కు ‘స్వాధీనం’ అనీ రాశాను. సరైనవేనా?

సమాధానం: మొదటిది పొసగదు, రెండోది తప్పు కాదు గాని, అంతకంటె తగిన మాట ఉంది.

కల్తీ అనగానే తెలుగువారికి స్ఫురించేది ఒకదానిలో మరొకటి కలపడం. పాలలో నీళ్ళు, కారంలో ఇటుకపొడి కలిపితే కల్తీ. డబ్బాలో పండు దానంతట అది కుళ్ళితే కలిపినవాడెవడు? అయితే మీరు చెప్పిన చట్టం ఏడో సెక్షన్, కుళ్ళిన పదార్థం కొంతమేరకు ఉన్నా సరే, ఆ ఆహారాన్ని ‘అడల్టరేటెడ్’గానే లెక్కగట్టింది. మన 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కూడా అదే పని చేయడంతో, కలిపినవాడు లేకపోయినా కుళ్ళిన సరుకు చట్టరీత్యా కల్తీ సరుకైంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం దానిని సురక్షితం కాని ఆహారంలో చేర్చింది. నా మట్టుకు ‘సురక్షితం కాని’ అన్నదే మేలైన మాట. అయితే మీది పాత చట్టం కనుక, మీరు ‘కుళ్ళిన చెర్రీపండ్ల డబ్బాలు’ అనే రాసి, ‘చట్టం దృష్టిలో ఇదీ కల్తీయే’ అని ఒక్కసారి చెబితే చాలు. ‘పాచిపోయిన’ అని మాత్రం రాయకండి: పాచిపోయేది వండిన అన్నం, కూర; పాలైతే విరుగుతాయి, పండైతే కుళ్ళుతుంది.

ఇక ‘స్వాధీనం’ అంటే తన అధీనంలోకి తెచ్చుకోవడం. కాని మన 2006 చట్టం 38వ సెక్షన్ ప్రకారం, ఆహార భద్రతాధికారి సరుకును పట్టుకుని, నమూనా తీసుకున్నాక, దానిని ఆ వ్యాపారి దగ్గరే భద్రపరచవచ్చు. సరుకు ఉన్నచోటనే ఉంటుంది, అమ్ముకునే హక్కు మాత్రం ఆగిపోతుంది. అరబ్బీ ‘జబ్త్’ నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరిన ‘జప్తు’కు మూలార్థం అదుపులో ఉంచడమే కనుక, ఇక్కడ అది చక్కగా అతుకుతుంది.

ఒక జాగ్రత్త. అమెరికా చట్టంలో జప్తుతోనే కథ ముగియదు, దావా ఆ డబ్బాల మీదనే నడిచి (వాది ప్రభుత్వం, ప్రతివాది చెర్రీలు!), కల్తీ రుజువైతే సరుకును ధ్వంసం చేయాలనో, అమ్మాలనో కోర్టు ఆదేశిస్తుంది. ఆ రెండో దశకు కూడా ‘జప్తు’ అనే రాస్తే పాఠకుడు తికమకపడతాడు. అక్కడ ‘ప్రభుత్వపరం చేయడం’ అనండి.